బల్ల చరిస్తే ప్రాణం పోతుందా? 1987లో ఒక విద్యార్థి కస్టడీ మరణం కొరియాకు ఓటు హక్కు ఎలా తెచ్చింది

1987 జనవరిలో దక్షిణ కొరియా పోలీసు పెద్దలు విలేకరులకు ఒక సంజాయిషీ ఇచ్చారు. విచారణ గదిలో అధికారి బల్ల మీద ఠప్‌మని కొట్టాడట, ఎదురుగా కూర్చున్న కుర్రాడు "అక్" అని పడిపోయి చనిపోయాడట. ఆ కుర్రాడు పార్క్ జోంగ్ చోల్. సియోల్ నేషనల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం మూడో సంవత్సరం చదువుతున్నాడు, ఆ విభాగం విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు. ఇంకా పాతికేళ్లు కూడా లేవు.

ఆ సంజాయిషీ చెప్పిన ఐదున్నర నెలలకే, జూన్ 29న, సైనిక పాలకుల పార్టీ దేశాధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకునేందుకు ఒప్పుకుంది. ఈ రెండు ఘటనల మధ్య ఏం జరిగిందనే దాన్ని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "విద్యార్థి చనిపోయాడు, జనం తిరగబడ్డారు" అని. కానీ అంతకు ముందు కూడా ఆ సైనిక పాలనలో విద్యార్థులు చనిపోయారు, కస్టడీలో చిత్రహింసలూ జరిగాయి. అప్పుడు కదలని నగరాలు ఈసారి ఎందుకు కదిలాయన్నదే అసలు ప్రశ్న.

ఓటు అప్పటికి ఎవరి చేతిలో ఉంది

జనరల్ చున్ డూ హ్వాన్ 1979 డిసెంబర్ 12న సైన్యంలో తిరుగుబాటు చేసి పట్టు సాధించాడు. 1980 మేలో గ్వాంగ్జు నగరం ఎదురు తిరిగితే సైనికులను పంపి అణిచేశాడు. ఆ ఏడాదే రాసుకున్న రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడి పదవీకాలం ఏడేళ్లు, ఒక్కసారే. ఆ అధ్యక్షుణ్ని ఎన్నుకునేది మాత్రం జనం కాదు, ఐదు వేల పైచిలుకు సభ్యులున్న ఒక ఎన్నికల మండలి. మండలి ఎవరి చెప్పుచేతల్లో ఉంటే వాళ్ల మనిషే అధ్యక్షుడు. ఫలితం ముందే తెలిసిపోయే ఈ తంతును కొరియన్లు "జిమ్ ఎన్నిక" అనేవారు. అంతకు ముందు ఇలాంటి మండళ్లు ఇండోర్ స్టేడియంలో కూర్చుని చేతులెత్తినంత పని చేసేవి, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

చున్ గడువు 1988 ఫిబ్రవరితో ముగుస్తుంది. రాజ్యాంగం మారకపోతే అతని సైనిక మిత్రుడు రో టే ఊ అదే దారిలో గద్దెనెక్కుతాడు. అందుకే ప్రతిపక్షాల, విద్యార్థి సంఘాల, చర్చిల డిమాండు 1985 నుంచీ ఒక్కటే: ప్రత్యక్ష ఎన్నిక. ఉద్యమం ఈ మరణంతో పుట్టలేదు. 1985 ఫిబ్రవరి ఎన్నికల్లో కొత్తగా పెట్టిన ప్రతిపక్ష పార్టీ అందరూ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సీట్లు గెలిచింది, 1986లో రాజ్యాంగ సవరణ కోరుతూ కోటి సంతకాల సేకరణ నడిచింది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, తర్వాత అవసరం పడుతుంది.

అరెస్టు కాదు, నిందితుడూ కాదు

పార్క్ మీద కేసు లేదు. పోలీసులకు కావలసింది పరారీలో ఉన్న అతని సీనియర్ ఆచూకీ. అంటే పార్క్‌ను తీసుకెళ్లింది, మన పోలీసు భాషలో చెప్పాలంటే, "విషయం కనుక్కోవడానికి". వారంటు లేదు. కాగితం మీద అతను సమాచారం ఇచ్చే మనిషి మాత్రమే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, నిందితుడికి చట్టం కొన్ని రక్షణలు ఇస్తుంది. అరెస్టు నమోదవుతుంది, ఇంటివాళ్లకు కబురు వెళ్తుంది, గడువులోగా జడ్జి ముందు నిలబెట్టాలి. "ఊరికే మాట్లాడటానికి వచ్చాడు" అన్న మనిషికి ఈ గడియారం మొదలవదు. అతను పోలీసుల చేతిలో ఉన్నాడు గానీ ఏ రిజిస్టరులోనూ లేడు. కస్టడీ హింస ఎక్కువగా జరిగేది ఈ ఖాళీలోనే, ఏ దేశంలోనైనా.

నామ్యోంగ్‌డోంగ్‌లో ఐదో అంతస్తు

అతన్ని తీసుకెళ్లిన చోటు నామ్యోంగ్‌డోంగ్‌లోని కమ్యూనిస్టు వ్యతిరేక విచారణ విభాగం. బయటికి మామూలు ఆఫీసులా కనిపించే నల్ల ఇటుకల భవనం అది. 1970ల్లో కట్టారు. దాని వాస్తుశిల్పి కిమ్ సూ గున్, సియోల్ ఒలింపిక్ స్టేడియం గీసింది కూడా ఆయనే.

ఐదో అంతస్తు కిటికీలు మిగతా అంతస్తుల్లా ఉండవు. మనిషి తల పట్టనంత సన్నటి నిలువు చీలికలు. వెనక తలుపు నుంచి ఆ అంతస్తుకు నేరుగా వెళ్లే ఇనుప గుండ్రటి మెట్లున్నాయి. కళ్లకు గంతలు కట్టి ఆ మెట్ల మీద తిప్పుకుంటూ తీసుకెళ్తే తాను ఎన్నో అంతస్తులో ఉన్నాడో మనిషికి అంతుపట్టదు. నడవాలో ఎదురెదురు గదుల తలుపులు ఒకదానికొకటి సూటిగా ఉండవు, ఒక తలుపు తెరుచుకున్నా ఎదుటి గదిలోది కనపడదు. ప్రతి విచారణ గదిలోనూ ఒక మంచం, బల్ల, కమోడ్, చిన్న నీళ్ల తొట్టి. విచారణ గదిలో తొట్టి ఎందుకనే ప్రశ్నకు జవాబు పార్క్‌ను ఉంచిన 509వ నంబరు గదిలో దొరికింది. 1985 సెప్టెంబర్‌లో యువజన ఉద్యమ నాయకుడు కిమ్ గున్ టేను ఇదే భవనంలో రోజుల తరబడి కరెంటుతో, నీళ్లతో హింసించారు. అతను కోర్టులో ఆ సంగతి చెప్పినా పెద్దగా చలనం రాలేదు. అతను బతికి బయటపడ్డాడు కాబట్టి పోలీసులు కాదని బుకాయించగలిగారు.

శవం చుట్టూ ఒక్క రోజులో జరిగిన పెనుగులాట

జనవరి 14 మధ్యాహ్నానికి ముందే పార్క్ ప్రాణం పోయింది. అక్కడి నుంచి కేసు మొత్తం మూడు ప్రశ్నల మీద నడిచింది: చనిపోయినట్టు ఎవరు, ఎక్కడ ధ్రువీకరించారు? శవాన్ని కోశారా, కాల్చారా? కోస్తే ఏం రాశారు?

మొదటి ప్రశ్న. పోలీసులు దగ్గర్లోని యూనివర్సిటీ ఆసుపత్రి నుంచి ఓ యోన్ సాంగ్ అనే వైద్యుణ్ని పిలిపించారు. ఆయన వెళ్లేసరికే నాడి లేదు. నేలంతా నీళ్లు. పోలీసులు శవాన్ని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తరలిద్దామన్నారు. ఎందుకో గమనించాలి: అక్కడ చేర్చుకుంటే రికార్డులో "ఆసుపత్రిలో మృతి" అని పడుతుంది. చావు జరిగిన చోటు విచారణ గది నుంచి ఆసుపత్రి మంచానికి మారిపోతుంది. ఈ ఎత్తు అర్థమైన డాక్టరు శవాన్ని లోపలికి రానివ్వకుండా ఆసుపత్రికి కబురు చేశాడు. ధ్రువపత్రంలో మరణ కారణం "తెలియదు" అని రాశాడు. "గుండె ఆగింది" అని రాసి ఉంటే కేసు అక్కడితో సరి. తర్వాత విలేకరులు అడిగితే నేల మీద నీళ్ల సంగతి, ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన చప్పుడు సంగతి దాచకుండా చెప్పాడు.

రెండో ప్రశ్న. ఆ సాయంత్రమే పోలీసులు ప్రాసిక్యూటర్ చోయ్ హ్వాన్ దగ్గరికి ఒక కాగితం పట్టుకెళ్లారు: తండ్రి ఒప్పుకున్నాడు, ఈ రాత్రికే దహనం చేస్తాం, సంతకం పెట్టండి. కొరియా చట్టంలో అసహజ మరణాల శవాల మీద నిర్ణయం ప్రాసిక్యూటర్‌ది, పోలీసులది కాదు. కాబట్టి ఆ సంతకం లేకుండా నిప్పు పెట్టడానికి లేదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు విచారణలో చనిపోతే అంత తొందరగా కాల్చడమేమిటని చోయ్‌కు అనుమానం వచ్చింది. ఆయన ఉద్యమకారుడేమీ కాదు, విద్యార్థుల మీద కేసులు నడిపే ప్రజాభద్రత విభాగం పెద్ద. అయినా సంతకం పెట్టలేదు. శవాన్ని భద్రపరచమన్నాడు, పోస్ట్‌మార్టం చేయించమన్నాడు.

మరుసటి రోజు ఒక సీనియర్ ప్రాసిక్యూటర్ "పోలీసులకు పెద్ద చిక్కే వచ్చిపడింది" అని మాటల మధ్య అన్నది ఒక విలేకరి చెవిన పడింది. ఆ విలేకరి తీగ లాగితే మధ్యాహ్నం పత్రికలో చిన్న వార్త వచ్చింది. అప్పట్లో ఏ వార్త ఎంత సైజులో, ఏ పేజీలో వేయాలో ప్రభుత్వం రోజూ పత్రికలకు సూచనలు పంపేది. అలాంటి రోజుల్లో ఆ వార్త అచ్చవడమే విశేషం.

మూడో ప్రశ్న. జనవరి 15 రాత్రి, పోలీసు ఆసుపత్రిలో కాకుండా హాన్యాంగ్ యూనివర్సిటీ ఆసుపత్రిలో, కుటుంబ సభ్యుడొకరు చూస్తుండగా, ఫోరెన్సిక్ వైద్యుడు హ్వాంగ్ జోక్ జున్ శవపరీక్ష చేశాడు. ఆ పరీక్ష తేల్చాల్సిందేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం.

భయంతోనో షాక్‌తోనో గుండె ఆగిందనుకోండి. అప్పుడు మెడ మీద గాయం ఉండనక్కర్లేదు. నీళ్లలో మునిగి చనిపోయాడనుకోండి, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు లాక్కున్న గుర్తులు బలంగా ఉంటాయి. మూడోది: తల నీళ్లలోకి తొక్కిపెడుతుంటే మెడ ముందు భాగం తొట్టి అంచుకు నొక్కుకుపోయిందనుకోండి. అప్పుడు మెడ ముందు వైపు చర్మం కింద, లోపలి కండరాల్లో రక్తం గడ్డకట్టి కనిపిస్తుంది, ఊపిరాడని గుర్తులుంటాయి, కడుపులో, ఊపిరితిత్తుల్లో నీళ్లు పెద్దగా ఉండకపోవచ్చు. హ్వాంగ్ చూసింది ఈ మూడోదే. గుండెపోటు అని రాయమని పై నుంచి ఒత్తిడి వచ్చింది. ఆయన "మెడ నొక్కుకుపోవడం వల్ల ఊపిరాడక మరణం" అని రాశాడు. తన మీద వచ్చిన ఒత్తిడిని రోజువారీగా డైరీలోనూ రాసిపెట్టుకున్నాడు.

ఈ ముగ్గురూ వీధుల్లో నినాదాలిచ్చినవాళ్లు కాదు. తమ బల్ల మీదికి వచ్చిన కాగితంలో అబద్ధం రాయనన్నారు, అంతే. జనవరి 16న శవాన్ని దహనం చేశారు. తండ్రి బూడిదను నదిలో కలుపుతూ, నాన్న దగ్గర చెప్పడానికి మాటల్లేవురా అని కొడుకును సాగనంపాడు. జనవరి 19న పోలీసులు హింస జరిగిందని ఒప్పుకుని ఇద్దరు అధికారులను అరెస్టు చేశారు. హోం మంత్రి, పోలీసు అధిపతి పదవులు ఊడాయి.

ఇద్దరు కాదు, ఐదుగురు

చాలా దేశాల్లో ఇలాంటి కథ ఇక్కడితో ఆగిపోతుంది. కింది స్థాయి వాళ్లు ఇద్దరు జైలుకెళ్తారు, పై వాళ్లు మారతారు, జనం మర్చిపోతారు. ప్రభుత్వం కూడా అదే లెక్క వేసుకుంది.

లెక్క తప్పింది జైల్లో. ఆ ఇద్దరిని యోంగ్‌డుంగ్‌పో జైల్లో పెట్టారు. పోలీసు పెద్దలు తరచూ వచ్చి, నోరు మెదపొద్దు, కుటుంబాలను చూసుకుంటాం అని డబ్బు ఆశ పెట్టారు. చేసింది ఐదుగురైతే మోస్తున్నది తామిద్దరమే అన్న దుగ్ధ ఆ ఇద్దరిదీ. ఆ మాటలు జైలు అధికారి చెవిన పడ్డాయి. అదే జైల్లో లీ బూ యోంగ్ అనే పత్రికా రచయిత రాజకీయ ఖైదీగా ఉన్నాడు. ఆయనకు సంగతి చేరింది. ఆయన చీటీల మీద రాశాడు, ఒక వార్డరు వాటిని బయటికి తెచ్చాడు, అవి చేతులు మారి కేథలిక్ ఫాదర్ల సంఘానికి చేరాయి.

మే 18న, గ్వాంగ్జు ఊచకోతకు ఏడేళ్లు నిండిన రోజున, మ్యోంగ్‌డోంగ్ కెథీడ్రల్‌లో ప్రార్థన ముగిశాక ఫాదర్ కిమ్ సుంగ్ హున్ ఆ పేర్లు చదివాడు. హింసించిన మరో ముగ్గురు బయటే ఉన్నారని, కేసునే వండివార్చారని చెప్పాడు. మూడు రోజుల్లో ప్రాసిక్యూషన్ ఒప్పుకోక తప్పలేదు. ఆ తర్వాత కప్పిపుచ్చిన పోలీసు పెద్దలూ అరెస్టయ్యారు. మే 26న ప్రధాని, గూఢచార సంస్థ అధిపతి సహా మంత్రివర్గం మారిపోయింది. అసలు నిజం ప్రాసిక్యూటర్లకు ఫిబ్రవరి చివరికే తెలుసని, తెలిసీ ఊరుకున్నారని చాలా ఏళ్ల తర్వాత, 2009లో, నిజనిర్ధారణ కమిషన్ తేల్చింది.

నా దృష్టిలో జనవరి కంటే మే ముఖ్యం. జనవరిలో బయటపడింది ఒక హత్య. మేలో బయటపడింది ఆ హత్య మీద దర్యాప్తు కూడా అబద్ధమేనని. పోలీసు చెప్పేదీ ప్రాసిక్యూటర్ చెప్పేదీ మంత్రి చెప్పేదీ ఏదీ నమ్మలేమని మామూలు ఉద్యోగికి రుజువైంది అప్పుడే.

చావూ ఓటూ కలిసిన చోటు

ఈ రెండు వెల్లడుల మధ్యలో, ఏప్రిల్ 13న, చున్ ఒక ప్రకటన చేశాడు: రాజ్యాంగ సవరణ చర్చలు ఇక లేవు, ఒలింపిక్స్ అయ్యాక చూద్దాం. అంటే జిమ్ ఎన్నికే మళ్లీ. సరిగ్గా ఐదు వారాలకే మే 18 వచ్చిపడింది. "మీ అధ్యక్షుణ్ని మీరు ఎన్నుకోలేరు, మాకు వదిలేయండి" అన్న నోరే "బల్ల చరిస్తే చచ్చాడు" అన్న నోరు అని జనానికి కనపడింది.

మే 27న ప్రతిపక్ష పార్టీ, చర్చిలు, బౌద్ధ భిక్షువులు, రైతు, మహిళా, కార్మిక సంఘాలు కలిసి ఒక ఉమ్మడి వేదిక పెట్టాయి. జూన్ 10న దేశమంతా ర్యాలీకి పిలుపునిచ్చాయి. ఆ రోజే ఎందుకంటే, పాలక పార్టీ రో టే ఊను అభ్యర్థిగా ప్రకటించేది ఆ రోజే. ర్యాలీ పేరులోనే రెండు డిమాండ్లూ ఉన్నాయి: పార్క్ హత్యను కప్పిపుచ్చినందుకు నిరసన, ఏప్రిల్ 13 ప్రకటన రద్దు.

ముందు రోజు యోన్సే యూనివర్సిటీ గేటు దగ్గర లీ హాన్ యోల్ అనే విద్యార్థి తలకు బాష్పవాయు గోళం తగిలింది. స్నేహితుడి చేతుల్లో రక్తం ఓడుతూ వాలిపోయిన అతని ఫొటో పత్రికలకెక్కింది. జూలై 5న చనిపోయాడు.

జూన్ 10 సాయంత్రం ఆరు గంటలకు సియోల్‌లోని ఆంగ్లికన్ కెథీడ్రల్‌లో గంట 42 సార్లు మోగింది, జపాన్ నుంచి విముక్తి పొంది 42వ ఏడు కాబట్టి. కార్లు హారన్లు కొట్టాయి. రోడ్డు మీదికి రాలేనివాళ్లు కూడా పాల్గొనగలిగేలా ఆలోచించి పెట్టిన పద్ధతి అది, హారన్ కొట్టినందుకు ఎంతమందిని అరెస్టు చేస్తారు? ఆ రాత్రి తరిమితే కొన్ని వందల మంది మ్యోంగ్‌డోంగ్ కెథీడ్రల్‌లోకి చేరి ఐదు రోజులు కూర్చున్నారు. పోలీసులు లోపలికొస్తే ముందు నన్ను, తర్వాత ఫాదర్లను, ఆ తర్వాత నన్‌లను తొక్కుకుని వెళ్లాలి, విద్యార్థులు వాళ్ల వెనకే ఉంటారని కార్డినల్ కిమ్ సూ హ్వాన్ ప్రభుత్వానికి చెప్పేశాడు. పక్కనున్న బాలికల హైస్కూలు పిల్లలు తమ మధ్యాహ్నం క్యారియర్లు పోగుచేసి గోడ అవతలికి అందించారు. చుట్టుపక్కల బ్యాంకుల, కంపెనీల గుమాస్తాలు లంచ్ టైములో టైలతోనే వీధిలోకి వచ్చి నినాదాలు చేశారు. "టైల దండు" అని వాళ్లకు పేరొచ్చింది. పిల్లల గొడవ అని ప్రభుత్వం కొట్టిపారేయడానికి వీల్లేకుండా చేసింది వాళ్లే.

జూన్ 19న చున్ సైన్యాన్ని దింపేందుకు సిద్ధం చేయించి, అదే రోజు వెనక్కి తగ్గాడు. 26న ముప్పైకి పైగా నగరాల్లో శాంతి యాత్రలు జరిగాయి. 29న రో టే ఊ ఎనిమిది అంశాల ప్రకటన చదివాడు: ప్రత్యక్ష ఎన్నిక, ప్రతిపక్ష నాయకుడు కిమ్ డే జుంగ్‌కు రాజకీయ హక్కులు, రాజకీయ ఖైదీల విడుదల, పత్రికా స్వేచ్ఛ అందులో ముఖ్యమైనవి.

ఎవరి వల్ల వచ్చింది? మూడు వాదనలు

మొదటి వాదన: పార్క్ మరణమే మలుపు. రెండోది: మరణం నిప్పురవ్వ మాత్రమే, ఎండుగడ్డి పేర్చింది 1985 నుంచీ జరిగిన సంఘటిత కృషి. మూడోది: బయటి ఒత్తిడి. 1988 సెప్టెంబర్‌లో ఒలింపిక్స్, ప్రపంచం కళ్లన్నీ సియోల్ మీదే. జూన్ 19న అమెరికా రాయబారి జేమ్స్ లిల్లీ అధ్యక్షుడు రీగన్ లేఖను చున్‌కు స్వయంగా ఇచ్చాడు, సైన్యాన్ని దించొద్దనే మాట గట్టిగా చెప్పాడు.

మూడో వాదనలో బలం ఉంది, కానీ 1980లో ఇదే అమెరికా గ్వాంగ్జును ఆపలేదన్నది మర్చిపోకూడదు. ఏడేళ్లలో మారింది వాషింగ్టన్ మనసు కాదు, సియోల్ వీధుల్లో నిలబడ్డ మనుషుల సంఖ్య, వాళ్ల వర్గం. మొదటి రెండింటిలో నేను రెండోవైపు కొంచెం మొగ్గుతాను. చీటీలు చేరవేసే ఖైదీ, వాటిని అందుకునే ఫాదర్ల సంఘం, మే 27కల్లా వేదిక పెట్టగల నాయకులు, ఇవన్నీ ముందే లేకపోతే ఐదుగురి పేర్లు జైలు గోడల మధ్యే ఉండిపోయేవి. అయితే కోటి సంతకాలు కదిలించలేని బ్యాంకు గుమాస్తాను కదిలించింది ఆ తండ్రి నది ఒడ్డున అన్న మాటేనన్నదీ నిజమే.

గెలుపు కూడా పూర్తి గెలుపు కాదు. అక్టోబర్ 27న రెఫరెండంలో 93 శాతం మంది కొత్త రాజ్యాంగానికి ఓటేశారు, అధ్యక్షుడికి ఐదేళ్ల ఒకే ఒక్క పదవీకాలం. కానీ డిసెంబర్ 16 ఎన్నికలో ప్రతిపక్ష నాయకులు ఇద్దరూ విడివిడిగా నిలబడ్డారు. కిమ్ యంగ్ సామ్‌కు 28 శాతం, కిమ్ డే జుంగ్‌కు 27. కలిపితే 55. రో టే ఊ 36.6 శాతంతోనే గెలిచాడు. జనం ప్రాణాలొడ్డి తెచ్చుకున్న మొదటి ఓటుతో పాత పాలకుడి మిత్రుడే అధ్యక్షుడయ్యాడు.

కక్కయంలో శవమే దొరకలేదు

శవపరీక్ష అయ్యేదాకా శవం కాలకుండా ఆగడం ఎంత పెద్ద విషయమో కేరళ చెబుతుంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976 మార్చి 1న, కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకెళ్లారు. కక్కయం పోలీసు క్యాంపులో తొడల మీద బరువైన రోకలి దొర్లించి హింసించారు. అతను తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. అరెస్టే చేయలేదని ప్రభుత్వం అంది. తండ్రి ఈచర వారియర్ హేబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేయగలిగింది ఎమర్జెన్సీ పోయాకే, ఎందుకంటే ఎమర్జెన్సీలో ఆ హక్కు నడవదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. కేరళ హైకోర్టు తీర్పుతో 1977 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేశాడు. కానీ శవపరీక్ష లేదు, కాబట్టి ఎలా చనిపోయాడో చెప్పే కాగితం లేదు. హత్యకు శిక్ష పడలేదు.

మన దగ్గర ఇప్పుడు లాకప్ డెత్ జరిగితే మెజిస్ట్రేటు విచారణ తప్పనిసరి, 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి, పోస్ట్‌మార్టం వీడియో తీయాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో లాకప్ డెత్ జరిగిన రాత్రి మార్చురీ బయట బంధువులు, లాయర్లు పట్టుబట్టేది సరిగ్గా సియోల్‌లో జనవరి 14, 15 తేదీల్లో తేలిన వాటి గురించే: శవాన్ని ఎవరికిచ్చారు, ఎవరు కోశారు, ఎవరు చూశారు.

ఆ తర్వాత

1988 జనవరిలో హ్వాంగ్ డైరీ పత్రికలో వచ్చింది. దాంతో పదవి పోయిన పోలీసు అధిపతి కాంగ్ మిన్ చాంగ్ కూడా అరెస్టయ్యాడు. కేసు 1993 దాకా సాగి, చివరికి జైలుకు పోనక్కర్లేని సస్పెండెడ్ శిక్షతో ముగిసింది. 2018 మార్చిలో దేశ ప్రాసిక్యూటర్ జనరల్ ఆసుపత్రిలో ఉన్న పార్క్ తండ్రి దగ్గరికి వెళ్లి, 31 ఏళ్ల తర్వాత, తమ శాఖ తరఫున క్షమాపణ చెప్పాడు. నాలుగు నెలలకు ఆ తండ్రి కన్నుమూశాడు. నామ్యోంగ్‌డోంగ్ భవనం ఇప్పుడు మ్యూజియం. 509 గదిలో తొట్టి, మంచం, బల్ల అక్కడే ఉన్నాయి, గోడ మీద ఆ కుర్రాడి ఫొటో ఉంది.